మెక్సికో గోడ చిత్రాల్లో యూరప్ చదువు ఎంత?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా గోడ చిత్రాలు చూస్తే అచ్చంగా మెక్సికో నేలలోంచి మొలిచినట్టు ఉంటాయి. తీరా చదివితే ఆయన చిన్నతనం నుంచే యూరప్ పద్ధతి అకాడమీలో గీయడం నేర్చుకున్నాడని, తర్వాత దాదాపు పద్నాలుగేళ్లు యూరప్‌లోనే గడిపాడని తెలిసింది. అలాంటప్పుడు అది మెక్సికో కళ ఎలా అవుతుంది, ఆ శిక్షణ ఆ దేశం గుర్తింపుకు మేలు చేసిందా, చెరుపు చేసిందా అని అడిగారు. చివర్లో మీ సొంత బాధ కూడా రాశారు. ఫైన్ ఆర్ట్స్ మొదటి ఏడాదిలో మీ చేత రోజూ గ్రీకు ప్లాస్టర్ తలలు గీయిస్తున్నారు, ఇదంతా మనకెందుకు అని.

జవాబు ముందే చెప్పేస్తాను. మెక్సికో అనగానే మన కళ్ల ముందుకొచ్చే బొమ్మల్లో చాలా భాగం యూరప్ పద్ధతిలో చెయ్యి తిరిగినవాళ్లు గీసినవే. ఆ సాధన లేకుండా అంతంత గోడల మీద వందల మనుషుల్ని నిలబెట్టడం ఆ తరానికి సాధ్యమయ్యేది కాదు. అయితే ఆ శిక్షణలో రెండు వస్తువులు ఒకే పెట్టెలో వస్తాయి. ఒకటి, చూసినదాన్ని కొలిచి గీయగల చెయ్యి. రెండోది, ఎలాంటి ఒళ్లు అందమైనది, ఎలా నిలబడితే మనిషి గొప్పగా కనిపిస్తాడు అన్న నమ్మకం. మొదటిదాన్ని ఉంచుకుని రెండోదాన్ని వదిలించుకోవడానికి మెక్సికోకి నూట ముప్పై ఏళ్లు పట్టింది. మీరు అడిగిన మేలూ చెరుపూ రెండూ ఆ నూట ముప్పై ఏళ్లలోనే ఉన్నాయి.

నా సంగతి చెప్పాలంటే, 26 ఏళ్లుగా డ్రాయింగ్ చెబుతున్నాను. తడి సున్నపు గచ్చు మీద గోడ చిత్రాలు వేయడం నా అసలు పని. ఆ పని మీద ప్రేమతోనే రెండుసార్లు మెక్సికో సిటీ వెళ్లాను. ఉన్నన్ని రోజులూ పొద్దున్నే స్కెచ్ పుస్తకం పట్టుకుని గోడల ముందు కూర్చునేవాణ్ని. చదివింది కొంత, అలా కూర్చుని తెలుసుకున్నది కొంత కలిపి రాస్తున్నాను.

కథ స్పెయిన్ పాలనలో మొదలవుతుంది. 1781లో మెక్సికో సిటీ టంకశాలలో హెరోనిమో ఆంతోనియో హిల్ అనే నిపుణుడు, నాణేల అచ్చులు చెక్కడం ఆయన వృత్తి, చెక్కుడు పని నేర్పే ఒక బడి పెట్టాడు. నాణెం మీద రాజు ముఖం తేడా లేకుండా చెక్కగల కుర్రాళ్లు కావాలి, అదీ అవసరం. నాలుగేళ్లు తిరిగేసరికి అదే రాజు ఆదరణతో నడిచే శాన్ కార్లోస్ అకాడమీ అయింది. అమెరికా ఖండాల్లో యూరప్ పద్ధతిలో వెలిసిన మొదటి కళా అకాడమీ అది.

1790 ఆగస్టులో ఆ ఊరి నడిబొడ్డున పెద్ద మైదానం చదును చేస్తుంటే భూమిలోంచి కోవాత్లిక్వే విగ్రహం బయటపడింది. స్పెయిన్‌వాళ్లు రాకముందు ఆ నేలను ఏలిన ఆస్టెక్‌ల భూమాత. రెండున్నర మీటర్లకు పైగా ఎత్తున్న ఒకే రాయి. తల ఉండాల్సిన చోట ఎదురెదురుగా రెండు పాము పడగలు, మెడలో తెగిన చేతులూ గుండెకాయల దండ, నడుముకు పాములు అల్లిన పావడా. విశ్వవిద్యాలయం ఆవరణకు తరలించారు. మూలవాసులు పూలు, కొవ్వొత్తులు పట్టుకుని రావడం మొదలుపెట్టేసరికి అక్కడే గొయ్యి తీసి పాతిపెట్టేశారు. మరుసటి ఏడాది, 1791లో, స్పెయిన్ నుంచి మనువేల్ తొల్సా అనే శిల్పి ఓడ దిగాడు. ఆయనతో పాటు గ్రీకు, రోమన్ విగ్రహాల ప్లాస్టర్ నకళ్లు పెట్టెలకు పెట్టెలు వచ్చాయి. కొద్ది ఏళ్ల తేడాలో ఆ ఊళ్లోనే పుట్టిన రాతి దేవత గోతిలోకి వెళ్లింది, సముద్రం దాటి వచ్చిన సున్నపు దేవతలు పాఠశాల గదుల్లోకి వచ్చారు. మెక్సికో కళ గురించి క్లాసులో చెప్పేటప్పుడు నేనెప్పుడూ ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

1803లో ఆ దేశం చూడటానికి వెళ్లిన జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ రెండింటినీ చూశాడు. ఇంత మంచి ప్లాస్టర్ సేకరణ జర్మనీలో ఎక్కడా దొరకదని రాశాడు. కోవాత్లిక్వేని తవ్వించి మరీ చూశాడు, ఆయన వెళ్లాక మళ్లీ పూడ్చేశారు. ఆయన రాసినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయినవి రెండు మాటలు. ఒకటి, సాయంత్రం దీపాల వెలుగులో వందల మంది కుర్రాళ్లు ఆ హాళ్లలో కూర్చుని గీస్తుంటే, తెల్లవాడి పక్కన మూలవాసి, జమీందారు కొడుకు పక్కన పేద పనివాడి కొడుకు కూర్చుని ఉన్నారట. ఫీజు లేదు. కులమూ రంగూ లెక్కగట్టి బతికే ఆ సమాజంలో అది చిన్న విషయం కాదు. రెండోది, ఆస్టెక్‌ల రాతి విగ్రహాల్ని కూడా తెచ్చి అదే అకాడమీ ఆవరణలో, గ్రీకు బొమ్మల పక్కన పెడితే బాగుంటుందన్నాడు. ఆ మాట ఎవరూ వినలేదు.

అందుకే "విదేశీ శిక్షణ మనల్ని అణచడానికే వచ్చింది" అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు ఇష్టం ఉండదు. పెద్రో పతీన్యో ఇస్తొలింకే అనే మూలవాసి కుర్రాడు ఆ బడిలో తొల్సా దగ్గరే శిల్పం నేర్చుకుని, స్వాతంత్ర్యం వచ్చాక 1826లో అదే అకాడమీకి డైరెక్టర్ అయ్యాడు. ఆ తలుపు నిజంగానే తెరిచి ఉంది. తలుపు దాటి లోపలికి వెళ్తే గీయడానికి ఎదురుగా ఉన్న ఒళ్లు మాత్రం వాళ్లది కాదు.

స్వాతంత్ర్యం తర్వాత అకాడమీ డబ్బుల్లేక చితికిపోయింది. 1843లో ప్రభుత్వం లాటరీ ఆదాయాన్ని దానికి కేటాయించి నిలబెట్టింది. యూరప్ నుంచి మళ్లీ మాస్టార్లను పిలిపించారు. 1846లో పెలెగ్రీన్ క్లావే చిత్రకళకు, మనువేల్ విలార్ శిల్పానికి వచ్చారు. ఇద్దరూ స్పెయిన్‌లోని కాటలోనియావాళ్లు, రోమ్‌లో ఆరితేరినవాళ్లు. ఇక్కడి నుంచి మీ ప్రశ్నలోని "జాతీయ గుర్తింపు" అసలు మొదలవుతుంది, ఎందుకంటే కొత్త దేశానికి తనకంటూ వీరులు కావాలి, వాళ్లకు ముఖాలు కావాలి. ఆ ముఖాలు ఎవరు చెక్కాలి? అకాడమీవాళ్లే చెక్కాలి.

విలార్ 1851లో త్లావికోలే విగ్రహం చేశాడు. ఆస్టెక్‌లకు బందీగా చిక్కి, బలి ముందు జరిగే పోరులో నిలబడి కొట్లాడిన త్లాస్కలా వీరుడు. ఆ విగ్రహం చుట్టూ నేను మూడుసార్లు తిరిగాను. పనితనం చూస్తే చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. ఎగసిన ఛాతీ, మెలితిరిగిన నడుము, బిగిసిన తొడలు, ప్రతి కండా దాని చోట ఉంది. కానీ అది హెర్క్యులస్ ఒళ్లు. చేతిలో ఆయుధం, తల మీద అలంకారం తీసేస్తే ఆయన ఏ రోమ్ వీధిలోనైనా సరిపోతాడు. 1887లో రిఫోర్మా వీధిలో ఆవిష్కరించిన క్వౌతెమొక్ విగ్రహం కూడా అంతే. క్వౌతెమొక్ చివరి ఆస్టెక్ చక్రవర్తి, విగ్రహం మిగేల్ నొరేన్యా చేతి పని. దిమ్మె మీద మూలవాసుల కట్టడాల నుంచి తీసుకున్న నగిషీలు ఉంటాయి, పైన నిలబడ్డ మనిషి భుజాన రోమన్ సెనేటర్ వేసుకునే వస్త్రం లాంటిది వేలాడుతుంటుంది. 1893లో లెయాంద్రో ఇసాగిర్రే వేసిన పెద్ద కాన్వాసులో స్పెయిన్ సైనికులు క్వౌతెమొక్ పాదాలు కాలుస్తుంటారు. ఆ ఏడాది చికాగో ప్రపంచ ప్రదర్శనకు పంపారు దాన్ని.

ఇక్కడ చెరుపు ఏమిటో సూటిగా చెప్పాలి. మూడు వందల అరవై ఏళ్ల కిందట చనిపోయిన మూలవాసి చక్రవర్తికి విగ్రహం కట్టిన ఆ ప్రభుత్వమే, అదే సంవత్సరాల్లో బతికున్న మూలవాసుల భూములు ఎస్టేట్ల పాలు కావడానికి దారి వేసింది, తర్వాత యాకీ తెగవాళ్లను వాళ్ల ఊళ్ల నుంచి లాక్కెళ్లి వేల కిలోమీటర్ల దూరంలో యుకతాన్ తోటల్లో పనికి పెట్టింది. గ్రీకు ఒళ్లు తొడిగిన పూర్వీకుణ్ని గౌరవించడం తేలిక. సంతలో నేల మీద కూర్చుని మిరపకాయలు అమ్ముకునే మనిషిలో ఆ పూర్వీకుడి పోలిక కనపడకుండా ఆ బొమ్మే అడ్డం నిలబడింది. ఇది కళాకారుల కుట్ర అని నేను అనను. వాళ్ల చేతులు అలా అలవాటు పడ్డాయి. ఆ అలవాటు ఎంత బలంగా ఉంటుందో నాకు సొంత అనుభవం ఉంది, చెబుతాను.

చదువైపోయిన కొత్తలో గోదావరి పక్క ఊళ్లో ఒక గోడకు నాట్లు వేసే ఆడవాళ్ల బొమ్మ అడిగారు. ఐదేళ్లు ప్లాస్టర్ బొమ్మలు, మోడల్స్ గీసిన చెయ్యి కదా, గర్వంగా గీశాను. ఆరుగురు ఆడవాళ్లు, వంగి ఉన్నారు, అందంగానే ఉంది. చూడటానికి వచ్చిన ఒక పెద్దావిడ కాసేపు నిలబడి, "బాబూ, ఈ పిల్ల పడిపోద్ది" అంది. ఎందుకండీ అంటే, "ఒంటికాలి మీద బరువేసింది, బురదలో కాలు దిగబడదా?" అంది. నాకు నోట మాట రాలేదు. గ్రీకు విగ్రహాలు చాలావరకు ఒక కాలి మీద బరువు వేసి, రెండో కాలు వదులుగా పెట్టి, నడుము కొంచెం పక్కకు ఒరిగి నిలబడతాయి. గట్టి నేల మీద అది అందమైన భంగిమ. దమ్ము చేసిన మడిలో అలా ఎవరూ నిలబడలేరు. మర్నాడు పొలం వెళ్లి చూశాను. రెండు కాళ్లూ ఎడంగా, బరువు సమానంగా, నడుము దగ్గరే విరిగినట్టు వంపు, ఎడమ మోచెయ్యి మోకాలి మీద ఆనించి ఆ చేతిలో నారు కట్ట, కుడి చెయ్యి మాత్రమే ఆడుతుంది. వెనక్కి జరుగుతున్నప్పుడు కాలు ఎత్తరు, లాగుతారు. గోడ మీద ఆరు బొమ్మలూ చెక్కేసి మళ్లీ వేశాను. ఐదేళ్లలో నాకు వంగిన మనిషిని గీయడం ఎవరూ నేర్పలేదని ఆ రోజే తెలిసింది. మళ్లీ వేసేటప్పుడు చెయ్యి తడబడకపోవడానికి కారణం కూడా ఆ ఐదేళ్లే. రెండూ నిజాలే, నేను రెండింటినీ వదులుకోను.

మెక్సికోలో ఆ మలుపు ముందుగా మనుషుల బొమ్మల్లో కాదు, భూదృశ్యాల్లో వచ్చింది. 1855లో ఇటలీ నుంచి యూజేనియో లాందేసియో అనే భూదృశ్య చిత్రకారుడు అకాడమీకి వచ్చాడు. ఆయన శిష్యుడు హొసే మరియా వెలాస్కో. మీరు వెలాస్కో బొమ్మలు చూడకపోతే ఇవాళే చూడండి. 1877లో శాంతా ఇసబెల్ కొండ మీద నుంచి వేసిన మెక్సికో లోయ: దూరంగా మంచు కప్పుకున్న రెండు అగ్నిపర్వతాలు, మధ్యలో సరస్సు మెరుపు, చిన్నగా నగరం, ముందు వైపు నాగజెముడు, ఎగురుతున్న గద్ద. గద్ద, నాగజెముడు ఆ దేశపు జెండా మీద ఉన్న గుర్తులు, వాళ్ల నగరం పుట్టుక కథలోవి. అవి ఆ బొమ్మలో రాళ్లూ మొక్కలతో పాటు మామూలుగా ఉంటాయి. వెతికితేనే తెలుస్తుంది.

వెలాస్కోకి గురువు ఇటలీవాడు, పద్ధతి ఇటలీదే. అయినా ఆ బొమ్మల్లో ఇటలీ గాలి లేదు, ఎందుకంటే ఆయన వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం కూడా చదివి, ఆ లోయలో మొక్కను మొక్కగా, రాయిని రాయిగా గుర్తుపట్టి గీశాడు. ఆ లోయ సరస్సుల్లో బతికే అక్సొలోటల్ అనే జీవి మీద పరిశోధన వ్యాసం రాశాడు, ఆ జాతికి దగ్గరి ఒక ఉభయచరానికి ఆయన పేరే పెట్టారు. 2,000 మీటర్లు దాటిన ఎత్తులో గాలి పలచగా ఉంటుంది, దూరపు కొండ కూడా గీసినట్టు స్పష్టంగా కనిపిస్తుంది. పుస్తకంలో నేర్పిన పద్ధతిలో దూరాన్ని పొగమంచులా మసక చేసి ఉంటే బొమ్మ అందంగా ఉండేదేమో, అబద్ధమయ్యేది. ఆయన చేయలేదు. శిక్షణ చెప్పినదానికీ కంటికి కనిపించినదానికీ తేడా వస్తే కంటి మాట విన్నాడు. రివేరా ఆయన దగ్గర చదువుకున్నాడు, ఆ గౌరవం చివరిదాకా చెప్పుకున్నాడు.

మనుషుల బొమ్మలకు ఆ మార్పు రావడానికి గొడవ కావాల్సి వచ్చింది. 1900 తర్వాత అకాడమీలో చదివిన హొసే క్లెమెంతే ఒరోస్కో తర్వాత చెప్పుకున్నాడు: ఒకే మోడల్‌ను ఒకే భంగిమలో వారాలు, నెలలు కూర్చోబెట్టేవారట, నీడ కదిలిపోకుండా దాని అంచును సుద్దముక్కతో గీసి పెట్టేవారట. మీరు ఇప్పుడు పడుతున్న టెన్షన్‌కు అది తాత. అప్పుడే ఇటలీ తిరిగొచ్చిన హెరార్దో మురీయో అనే ఆయన కుర్రాళ్లకు మైకెలాంజెలో గోడల కథలు చెప్పి ఊగించేవాడు. ఆయన పెట్టుకున్న కొత్త పేరు డాక్టర్ అత్ల్. అత్ల్ అంటే ఆస్టెక్‌ల నవాత్ల్ భాషలో నీరు. ఇటలీ గోడల పేరు చెప్పి మెక్సికో గోడలు అడగమన్నాడు! 1910లో స్వాతంత్ర్య శతాబ్ది ఉత్సవాలకు ప్రభుత్వం స్పెయిన్ చిత్రాల ప్రదర్శన పెడితే, మా సంగతేంటని అడిగి ఈ కుర్రాళ్లు అకాడమీ గదుల్లోనే తమ ప్రదర్శన పెట్టారు. 1911లో బోధన పద్ధతి మార్చమని సమ్మె కట్టారు. 1913 నుంచి ఊరి చివర శాంతా అనీతాలో ఆరుబయట గీసే బడి నడిచింది. ఆ తరంలో సతుర్నీనో ఎర్రాన్ యూరప్ వెళ్లనే లేదు. అకాడమీ బొగ్గు గీతతోనే సంతల్లో ముసలివాళ్లను, కూలీలను గీశాడు. జాతీయ థియేటర్ కోసం తలపెట్టిన ఒక పెద్ద చిత్రం మధ్యలో కోవాత్లిక్వే రాతి ఒంట్లోనే సిలువ మీది క్రీస్తును కలిపి చూపించాడు. ఒక పక్క మూలవాసులు, ఇంకో పక్క స్పెయిన్‌వాళ్లు మొక్కుతూ ఉంటారు. అది పూర్తి కాకుండానే 1918లో 31 ఏళ్లకు చనిపోయాడు. పాతిపెట్టిన దేవత తిరిగి బొమ్మలోకి వచ్చింది, అదీ అకాడమీ విద్యార్థి చేతి మీదుగా. నాకు ఆ స్కెచ్ చూసినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

ఇప్పుడు మీ రివేరా దగ్గరికి వద్దాం. పారిస్‌లో క్యూబిజం, అంటే రూపాన్ని ముక్కలుగా విడగొట్టి పేర్చి గీసే పద్ధతి, చేశాడు, 1920-21లో ఇటలీ తిరిగి పాత గోడ చిత్రాలు చూసి స్కెచ్‌లు వేసుకున్నాడు. 1921లో తిరిగొచ్చాక విద్యా మంత్రి వాస్కొన్సెలోస్ గోడలిచ్చాడు. మొదటి గోడ చిత్రం, బొలీవార్ ఆంఫీథియేటర్‌లోది, మైనంతో వేసింది, ఇటలీ చర్చి వాసన కొడుతుంది. బంగారు రేకులు, తలల వెనక వలయాలు. అసలు రివేరా కనపడేది 1923 నుంచి విద్యా మంత్రిత్వ శాఖ భవనంలో, వందకు పైగా ప్యానెళ్లలో.

అక్కడ కింది అంతస్తులో "గని నుంచి బయటికి" అనే చిత్రం ఉంది. పనైపోయి పైకొచ్చిన గని కార్మికుడు రెండు చేతులూ బార చాపి నిలబడ్డాడు. వెండి ఏమైనా దాచాడేమోనని తనిఖీ మనిషి ఒళ్లంతా తడుముతున్నాడు. ఆ చాపిన చేతులు సిలువ మీది క్రీస్తువి. చర్చికి వెళ్లే ప్రతి మెక్సికో మనిషికీ ఆ భంగిమ చూడగానే గుండెకు తగులుతుంది. ఇటలీలో నేర్చుకున్న కూర్పును, ఆ కూర్పుతో పాటే జనం మనసులో ఉన్న భక్తిని, తనిఖీలో అవమానపడుతున్న కూలీకి ఇచ్చేశాడు. ఆ గోడ ముందు రెండు పూటలు కూర్చున్నాను. సాయంత్రం వెలుతురు పక్క నుంచి పడ్డప్పుడు ఏ రోజు పని ఎక్కడ ఆగిందో చెప్పే గచ్చు అతుకు సన్నగా కనిపించింది.

ఆ అతుకు మీకు ఎందుకు ముఖ్యమో చెప్పాలి. తడి గచ్చు మీద నీళ్లలో కలిపిన రంగు వేస్తే, ఆరేటప్పుడు సున్నం ఆ రంగును పట్టేసుకుంటుంది. మన చేతిలో ఉండేది కొన్ని గంటలే. అందుకని ఆ రోజు వేయగలిగినంత మేరే పూత పూస్తాం. తప్పు పోతే దిద్దడం ఉండదు, ఆ ముక్క చెక్కేసి మళ్లీ పూయాల్సిందే. అంటే గోడ దగ్గర నిలబడ్డాక ఆలోచించే టైమ్ లేదు, భుజం ఎక్కడ ముగుస్తుందో చేతికి ముందే తెలిసి ఉండాలి. అకాడమీలో విసుగొచ్చేదాకా గీయించిన గీత అక్కడ పనికొచ్చింది. మొదట్లో రివేరా బృందం నాగజెముడు రసం కలిపి, ఇది మా పూర్వీకుల రహస్యం అంటూ గోడలు వేసింది. ఆ రసం కుళ్లి మచ్చలు పడటంతో మానేసి మామూలు సున్నం పద్ధతికే వచ్చారు. మన పాత మేస్త్రీలు గచ్చులో కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపేవాళ్లు కాబట్టి ఆ ఆలోచన నాకు వింతగా అనిపించలేదు, కాకపోతే రంగు వేసే పై పూత సంగతి వేరు.

రివేరా 1924లో వేసిన మొక్కజొన్న నూరే ఆవిడ బొమ్మ కూడా చూడండి. మన సన్నికల్లు లాంటి రాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని, వీపు బరువంతా చేతుల్లోకి దింపి నూరుతుంటుంది. ఏ ప్లాస్టర్ బొమ్మా ఆ పని చేయదు. ఆ గుండ్రటి, బరువైన ఒళ్లు పాత మట్టి బొమ్మల నుంచి వచ్చింది. ఆయన అలాంటివి వేలకొద్దీ సేకరించాడు. చుట్టూ ఖాళీ లేకుండా బిగించి పేర్చడం క్యూబిజం ఇచ్చింది. గట్టి గీత శాన్ కార్లోస్‌ది.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి, లేకపోతే నా జవాబు అకాడమీకి పొగడ్తలా మిగిలిపోతుంది. ఆ శిక్షణకు బయట కూడా గొప్ప చిత్రకళ ఉంది. ఎర్మెనెహిల్దో బుస్తోస్ గ్వనహ్వాతో రాష్ట్రంలో ఒక చిన్న ఊరివాడు. గీయడం దాదాపు తనంతట తానే నేర్చుకున్నాడు. ఊరివాళ్ల ముఖాలు ఎంత సూటిగా వేశాడంటే, ఒక్కో ముఖం మనకు తెలిసిన చుట్టంలా అనిపిస్తుంది. 1891లో తన బొమ్మ తనే వేసుకుని, వెనకాల తాను ఆ ఊరి ఇండియన్‌నని, వేయగలనో లేదో చూద్దామని వేసుకున్నానని రాసిపెట్టాడు. ఒక్క పైసా కాగితాల మీద పుర్రెల బొమ్మలు చెక్కిన పొసాదా కూడా అచ్చు పనిలో, రాతి మీద గీసి అచ్చు తీసే లిథో వర్క్‌షాపులో చెయ్యి తిరిగినవాడే. రివేరా, ఒరోస్కో ఇద్దరూ ఆయన్ని గురువుగా చెప్పుకున్నారు. వీళ్లు లేకుండా అకాడమీ ఒక్కటే మెక్సికో ముఖం గీసిందంటే తప్పు.

ఇంకోటి, గోడ చిత్రాలు ప్రభుత్వం డబ్బుతో వేసినవి. మెక్సికో అంటే మూలవాసి, స్పెయిన్ రెండూ కలిసిన రక్తం అన్న మాట 1910లో మొదలైన విప్లవం తర్వాతి ప్రభుత్వానికి అవసరం. మూలవాసి ఆ గోడల నిండా ఉన్నాడు, గోడ మీద ఏం వేయాలో తేల్చేది మాత్రం అతను కాదు. ఈ విమర్శ అక్కడి యువ కళాకారుల నోట నేను చాలాసార్లు విన్నాను. న్యాయమైనదే అనుకుంటాను.

బళ్లలో వేరే దారి కూడా తొక్కి చూశారు. 1920ల మొదట్లో అదోల్ఫో బెస్ట్ మౌగార్డ్ ప్రాచీన కుండల మీది నగిషీల నుంచి ఏడు మూల రూపాలు తీసి, సుడి, వలయం, అర్ధవలయం, పాము వంపు, అల, జిగ్‌జాగ్, తిన్నని గీత, వాటితోనే పిల్లలకు డ్రాయింగ్ నేర్పించే పద్ధతి ప్రభుత్వ బళ్లలో పెట్టాడు. కొన్నేళ్లకే ఆపేశారు. పిల్లలందరి బొమ్మలూ ఒకే ముగ్గులా తయారయ్యాయన్న విమర్శ వచ్చింది. ప్లాస్టర్ తలకు బదులు సొంత నేల నగిషీ పెట్టినా, ఎదుటి మనిషిని చూడటం మానేస్తే అది కూడా నకలే అవుతుంది.

మనకు దగ్గరి పోలిక కావాలంటే రాజమండ్రి దామెర్ల రామారావు ఉన్నారు. కాలేజీ ప్రిన్సిపాల్ ఓస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జేజే స్కూల్‌కి వెళ్లి బ్రిటిష్ పద్ధతిలో చదువుకున్నారు. తిరిగొచ్చి గోదావరి మనుషుల్ని గీశారు. 1925లో 28 ఏళ్లు నిండకుండానే పోయారు. రాజమండ్రిలో ఆయన గ్యాలరీలో స్కెచ్‌లు చూస్తే ఆ చదువు చేతిలో ఎంత ఉందో, బొమ్మలో మనవాళ్లు ఎంత ఉన్నారో తెలుస్తుంది. ఆయనకు గోడలు దొరకలేదు, ఆయుష్షూ దొరకలేదు. మెక్సికోవాళ్లకు ఇరవై ముప్పై ఏళ్లు వరసగా గోడలు దొరికాయి. మనదేశం నుంచి సతీష్ గుజ్రాల్ 1952లో స్కాలర్‌షిప్ మీద వెళ్లి రివేరా, అక్కడి మరో గోడ చిత్రకారుడు సికేరోస్‌ల దగ్గర పని నేర్చుకుని వచ్చింది ఆ గోడల కోసమే.

ఇక మీ ప్లాస్టర్ తలల సంగతి. మానకండి. నా దగ్గర చేరినవాళ్లకు నేను పెట్టే పద్ధతి ఇది, మీరు ఒక సెమిస్టర్ చేసి చూడండి. పొద్దున క్లాసులో గీసిన ప్లాస్టర్ తల ఎంతసేపు గీశారో, సాయంత్రం అంతసేపు మీ ఊరి మనిషిని ఒకర్ని గీయండి. కూర్చోబెట్టి కాదు, పనిలో ఉండగా. రైతు బజార్‌లో కూరలు తూచే ఆవిడ, ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డాయన, బస్‌స్టాండ్‌లో మూట మీద తల పెట్టి పడుకున్న మనిషి. పొద్దుటి కాగితం పక్కన సాయంత్రం కాగితం పెట్టి, బరువు ఏ కాలి మీద ఉందో పెన్సిల్‌తో ఒక గీత గీయండి. మొదటి నెల మీ మనుషులందరూ గ్రీకువాళ్లలాగే నిలబడతారు, కంగారు పడొద్దు. రెండో నెలలో ఒకరిద్దరు కిందికి దిగుతారు. కూరలు తూచే ఆవిడ మోకాలు మీద మోచెయ్యి సరిగ్గా ఆనిన రోజు ఆ కాగితం మీద తేదీ వేసి దాచుకోండి.